గురి సరే, గడియేదీ?

అల్వాల్‌లో వాకింగ్ పెద్దమనుషుల మాట దొంగల మీదికి మళ్లిందంటే, ఎవరో ఒకరు "ఓ తుపాకీ లైసెన్సు తీసుకుంటే పోలా!" అంటారు. పక్కనే బొల్లారం కంటోన్మెంటు, వీధికో మాజీ సుబేదారు. ఆ ఊహ రావడంలో వింతేముంది?

తీసుకోండి సార్. ప్రాణభయం ఎందుకో రాసివ్వాలి, పోలీసు విచారణ కావాలి, భద్రంగా దాస్తానని హామీ ఇవ్వాలి. అసలు వినోదం ఆ తర్వాతే. తుపాకీ బీరువాలో, బీరువా తాళంచెవి దేవుడి గూట్లో, అయ్యగారి కళ్లజోడు ఎక్కడో ఆయనకే తెలీదు. మూడూ ఒకచోట చేరేదాకా దొంగగారు హాల్లో కూర్చుని పేపరు చదువుకోవాలి. ఎన్నికలొస్తే ఆయుధం స్టేషన్లో అప్పగించమంటారు. అన్నాళ్లూ దొంగ కూడా కోడ్ పాటిస్తాడని మన నమ్మకం.

2024 మార్చిలో బేగంపేటలో కొరియర్ వాళ్లమంటూ ఇద్దరు ఓ ఇంట్లో చొరబడ్డారు. నాటు తుపాకీ, కత్తి వాళ్ల దగ్గరే ఉన్నాయి. తల్లీకూతుళ్లు వట్టి చేతులతో కలబడి తరిమారు. తుపాకీ పాపం, తెచ్చినవాడినే కాపాడలేదు!

ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది, నిజమే. అవసరానికి మించి హాని చేయకూడదన్న షరతూ పక్కనే ఉంది. మామిడికాయల కోసం గోడెక్కిన కుర్రాడి మీద పేలిస్తే, ఆ అవసరమెంతో కోర్టులో తేలుస్తారు.

ఈలోగా అయ్యగారి వెనకతలుపు గడియ ఊడి ఆర్నెల్లయింది. వడ్రంగి మూడొందలు అడిగాడట, బేరం ఇంకా తెగలేదు.