కారుతున్న కవిత్వం

తెలంగాణ నుంచి వచ్చి సోలాపూర్‌లో మగ్గాలు పెట్టుకున్న పద్మశాలీల వంశం మాది. 1877లో పెట్టిన జూనీ మిల్లు సైరన్ భోంగా మోగితే లేచినవాళ్లు మా పెద్దలు. అట్లాంటి ఇంట్లో పుట్టి నేను జర్మన్ నేర్చుకున్నాను. మా పేట అశోక్ చౌక్‌లో ఈ చదువుకు పెళ్లి సంబంధాలు రావు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కార్ఖానాలో హిందీతో కలిపి మూడూ. వీటి నడుమ కూర్చుని జర్మన్ యంత్రాల పుస్తకాలను ఇంగ్లీషు చేస్తుంటాను. అందులోనూ నా వాటాకు వచ్చేవి సీళ్లు, గ్యాస్కెట్లు.

ఈ రెంటికీ జర్మన్లది ఒకటే మాట: డిష్టుంగ్. కవిత్వాన్నీ వాళ్లు అదే మాటతో పిలుస్తారు. పుట్టుకలు వేరట: కవిత్వం లాటిన్ నుంచి దిగింది, కారకుండా ఆపేది ‘బిగువు’ అనే సొంత మాట నుంచి పుట్టింది. సంజాయిషీ బాగానే ఉంది కానీ గేథే ఆత్మకథ ‘డిష్టుంగ్ ఉంట్ వార్‌హైట్’ను పంపులవాడి చేతికిస్తే ‘గ్యాస్కెట్లూ నిజాలూ’ అని చదువుకుంటాడు. కవి ‘డిష్టర్’, ‘ఇంకా బిగువుగా’ అనాలన్నా డిష్టరే. ఇంజను హెడ్ గ్యాస్కెట్ సిలిండర్ శిరోకవిత్వం అవుతుంది. కారే గ్యాస్కెట్ ‘ఉన్‌డిష్టె డిష్టుంగ్’, అంటే కారుతున్న కవిత్వం. కవి సమ్మేళనాల్లో ముందు వరసలో కూర్చున్నవాణ్ని, నాకిది వింతగా తోచలేదు.

చిక్కు ఇంగ్లీషుతోనే. పుస్తకంలో ‘డిష్టుంగ్ మార్చండి’ అని ఊరుకుంటారు. సీలు రాయాలా, గ్యాస్కెట్ రాయాలా? మగ్గాలు సరిచేసే మా జాబర్ మామను అడిగాను. ఆయన పుస్తకం వైపే చూడలేదు.

“తిరుగుతదా, కూసుంటదా?”

“ఏంది మామా?”

“రెండు ప్లేట్ల నడుమ కూసునేది గ్యాస్కెట్టు. తిరిగే షాఫ్టు మెడ పట్టుకునేది సీలు. గింతకు జర్మనీ దాక పోవాల్నా?”

పుస్తకంలోని బొమ్మలో షాఫ్టు తిరుగుతోంది. సీలని రాశాను. కదలని చోట కూడా సీలనే పండితులున్నారు. వాళ్లను మామ దగ్గరికి పంపితే సరి.

పంపు షాఫ్టు చుట్టూ తాడు లాంటి డోరి కూరే డబ్బా సంగతి ఇంకా బాగుంటుంది. ఆ డోరిని అదిమిపెట్టే, రెండు బోల్టుల బిళ్లను జర్మన్లు కళ్లజోడు అంటారు. ఇంగ్లీషువాడు దానికి గ్లాండ్ అని పేరు పెట్టాడు, మన డాక్టర్లు గ్రంథి అనేదే. ఒకడు పంపుకు అద్దాలు తగిలిస్తే ఇంకొకడు థైరాయిడ్ అంటగట్టాడు. మామకు ఈ గొడవ అక్కర్లేదు. గ్లాండ్‌ను బిర్రుగా బిగించిన కుర్రాణ్ని మాత్రం తిట్టిపోస్తాడు. అక్కడ చుక్క చుక్కగా నీళ్లు కారాలి. డోరినీ షాఫ్టునూ చల్లగా ఉంచేవి ఆ చుక్కలే.

తిరిగే షాఫ్టు సీలును చాలామంది జర్మన్లు ‘సిమ్మర్‌రింగ్’ అంటారు. అది ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ ట్రేడ్‌మార్కు, వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు పేరు మీద వచ్చింది.  వనస్పతినంతా మనం డాల్డా అన్నట్టు, ఎవరు చేసిన సీలైనా అక్కడ సిమ్మర్‌రింగే. మామ లెక్కలో ఆయిల్ సీలు.

దాని మీద మామూలుగా మూడు అంకెలుంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. 35-52-7 అని చూపిస్తే దుకాణంవాడు ఏ భాషా అడగడు. అందుకని అక్కల్‌కోట్ రోడ్డు కార్ఖానాల వాళ్లకు నా మనవి: పుస్తకం నాకు పంపే ముందు పాత సీలు పారెయ్యకండి. అంకెలతో పని జరిగిపోయింది కదా అని నా కూలీ ఆపకండి.