నలభై నుంచి నాలుగొందల కోబోల్డులు

ఈ కాలం పిల్లలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడరండీ. ఆడబోతూ ఉంటారు. మా మేనల్లుడు పోయిన సంక్రాంతి నుంచి ఒక క్యాంపెయిన్ మొదలుపెట్టబోతున్నాడు. అల్మరాలో అరలు పుస్తకాలతో నిండిపోయాయి. "ఎప్పుడురా ముహూర్తం?" అంటే "ఇంకొక్క సోర్స్‌బుక్ రావాలి మావయ్యా, అందులో మాన్‌స్టర్లు అదిరిపోతాయట" అంటాడు. దేశపటం గీశాడు, దేవుళ్ళకి పేర్లు పెట్టాడు, రాజవంశాల చరిత్ర వెయ్యేళ్ళ వెనక్కి రాసుకున్నాడు. ఆడే నలుగురు ఎవరో మాత్రం ఇంకా తేలలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. వీడు సోమలింగం మనవళ్ళకి జాతకాలు కూడా రాయించాడు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట ఇది. కథ నడిపేవాడు డంజన్ మాస్టర్. మిగతావాళ్ళకి తలా ఒక వేషం, వీరుడో మాంత్రికుడో దొంగో. దారిలో ఎదురయ్యే భూతాలన్నీ మాస్టరు చేతిలో ఉంటాయి. బతికావా చచ్చావా అన్నది పాచికలు తేలుస్తాయి. అదే కథ వారం వారం సాగితే క్యాంపెయిన్ అంటారు.

నేను ఎనభైల మొదట్లో ఎమ్మెస్ చదవడానికి విస్కాన్సిన్ వచ్చాను. ఈ ఆట మొదట అచ్చయి బయటికొచ్చింది కూడా ఆ రాష్ట్రం నుంచే, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన మూడు చిన్న పుస్తకాల్ని ఒక పెట్టెలో పెట్టి 1974లో వెయ్యి కాపీలు వేశారు. నేను వచ్చేనాటికి గట్టి అట్టల 'అడ్వాన్స్‌డ్' పుస్తకాలు వచ్చేశాయి. 1977లో మాన్‌స్టర్ మాన్యువల్, మరుసటి ఏడు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 1979లో డంజన్ మాస్టర్స్ గైడ్. వరస గమనించారా? ఆడే పద్ధతి రాకముందే భూతాలొచ్చాయి. ఏడాదికొక పుస్తకం, అంతే. మా అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒక్క సెట్టు. మాస్టరు వంతు ఎవరిదైతే మాన్‌స్టర్ మాన్యువల్ వాడి మంచం కింద ఉండేది. ఆటగాడెవడైనా దాని మీద చెయ్యేస్తే మర్యాద దక్కేది కాదు.

పాచికల సంగతి చెప్తే మావాడు నమ్మడు. కొత్తవాళ్ళ కోసం అమ్మే 'బేసిక్' పెట్టెలో వచ్చే పాచికల మీద అంకెలు కనబడేవి కావు. ఒక క్రేయాన్ ఇచ్చేవాళ్ళు, మనమే రుద్దుకోవాలి. అంతకుముందు కొన్నాళ్ళు పాచికలకే కరువొచ్చి, అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టి పంపారు. కప్పులో వేసి కలిపి, కళ్ళు మూసుకుని ఒకటి తియ్యడమే. మావాడి దగ్గర ఇప్పుడు లోహం పాచికలు, రాతి పాచికలు, చీకట్లో మెరిసేవి, వాటికో తోలుసంచి. ఒక్కటీ ఇంతవరకూ బల్ల మీద దొర్లిన పాపాన పోలేదు.

ఏ భూతాన్ని ఎంచుకోవాలన్న చింత మాకు లేదు. ఉన్న ఒక్క పుస్తకంలో 112 పేజీలు, మూడొందల యాభై పైచిలుకు ప్రాణులు, అక్షరక్రమంలో. ఏనుగూ నీటిగుర్రం నుంచి నరకాధిపతుల దాకా అందరూ అందులోనే. రాత్రిళ్ళు అన్నం అత్తెసరు పెట్టి అదే చదివేవాళ్ళం. ఇయర్ సీకర్ అని ఒక పురుగుంది. చెక్క తలుపుల్లో కాపురం. తలుపుకి చెవి ఆనించి అవతలేముందో విందామనుకున్నవాడి చెవిలో దూరుతుంది, ప్రాణం తీస్తుంది. దారి పొడవునా ఊడ్చుకుంటూ వచ్చే జిగట దిమ్మ ఒకటి, నిధిపెట్టె వేషం వేసుకుని కూర్చునే మిమిక్ ఒకటి. ఇనుము తినేసే రస్ట్ మాన్‌స్టర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? హాంకాంగ్‌లో చేసిన చవక ప్లాస్టిక్ బొమ్మల సంచీలోంచి. గుడ్లగూబ ముఖం ఎలుగుబంటి, నేలలో ఈదే బ్యులెట్, అవీ ఆ సంచీ సంతానమే. గైగాక్స్, అతని తోటివాళ్ళు వాటిని బల్ల మీద నిలబెట్టి, పేరూ ఊరూ కల్పించి, జనం మీదికి వదిలారు. సోర్స్‌బుక్ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు.

పేజీలు తిప్పుతుంటే ఒకచోట మనవాడు ప్రత్యక్షం. రాక్షసుడు! పులితల, దొరలు ఇంట్లో వేసుకునే తరహా కోటు, చేతిలో పైపు. వీళ్ళు మొదట ఇండియాలో కనబడ్డారనీ, ఇప్పుడు మిగతాచోట్లకీ వ్యాపిస్తున్నారనీ వివరం. నేను అప్పుడే ఇండియా నుంచి దిగినవాణ్ణి. రూమ్మేట్లు పుస్తకం వంకోసారి, నా వంకోసారి చూశారు. మామూలు కత్తులు వాడి మీద పనిచెయ్యవు. ఎనిమిదో స్థాయికి తక్కువ మంత్రమేదీ పారదు. దీవించిన క్రాస్‌బౌ బాణం ఒక్కటి తగిలిందా, చస్తాడు. ఇదంతా ఏ పురాణంలోదయ్యా అని నేను గొడవపెట్టుకున్నాను. పురాణంలోది కాదు, టీవీలోది. 1974 నాటి 'కోల్చాక్: ది నైట్ స్టాకర్' సీరియల్లో ఒక ఎపిసోడు చూసి గైగాక్స్ వాణ్ణి పుస్తకంలోకి ఎక్కించాడు.

పులితల సంగతి దేవుడెరుగు, వాడి గుణం ఒకటి నాకు నచ్చింది. మనం నమ్మినవాళ్ళ రూపంలో కనబడి దగ్గరికి రప్పించుకుంటాడు. మారీచుడు చేసిందీ ఇంచుమించు అదేగా! సెమిస్టరంతా ఆ ఒక్కడితో నడిపాను. సత్రం యజమాని వాడే, దారిలో నీళ్ళడిగిన ముసలమ్మ వాడే, గాయాలకి కట్టుకట్టిన పూజారీ వాడే. సంక్రాంతి సెలవులు లేని ఆ దేశంలో, కిటికీ దాకా మంచు పేరుకున్న రాత్రుల్లో, మా ఆటగాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నమ్మడం మానేశారు. ఇదంతా పుస్తకంలో అరపేజీకి తక్కువ వివరం చూసి చేసిన పని. 1980లో వచ్చిన డైటీస్ అండ్ డెమిగాడ్స్‌లో ఇంద్రుడికీ విష్ణువుకీ కూడా ఇన్ని దెబ్బలకి పడతారని లెక్క కట్టారు. అది మేం కొనలేదు. భక్తితో కాదు, డబ్బుల్లేక.

ఇప్పటివాళ్ళకి నేను అన్నిటికన్నా ముందు చూపించేది మాన్‌స్టర్ మాన్యువల్‌లో ప్రతి ప్రాణి పక్కనా ఉండే ఒక పంక్తి. ఎన్ని కనబడతాయి? కోబోల్డులు అనే బుడతలు: 40 నుంచి 400. గోబ్లిన్లు: అంతే. ఓర్కులు: 30 నుంచి 300. మొదటి స్థాయి వీరులు నలుగురు, ఒక్కొక్కడి ఒంట్లో నాలుగైదు దెబ్బల ప్రాణం. ఎదురుగా నాలుగొందల మంది! మరి ఎలా ఆడారు అంటాడు మావాడు. పరిగెత్తి ఆడాం. లంచం ఇచ్చాం. రాత్రిపూట వెనక దారిన దూరాం. ఎదురైనవాడు కొట్లాటకే వచ్చాడని ముందే అనుకునేవాళ్ళం కాదు, వాడి ధోరణి ఏమిటో తేల్చడానికి పాచిక ఉండేది. అంతకన్నా ముఖ్యం, బయటికి తెచ్చిన బంగారు నాణేనికి ఒకటి చొప్పున అనుభవం లెక్క రాసేవాళ్ళు. చంపితే వచ్చేది చిల్లర. కత్తి దుయ్యకుండా నిధి ఎత్తుకొచ్చినవాడే మొనగాడు.

2000లో మూడో ఎడిషన్ వచ్చి ప్రతి భూతానికీ ఛాలెంజ్ రేటింగ్ అని ఒక అంకె తగిలించింది. ఏ స్థాయి జట్టుకి ఏది సరిజోడో లెక్కచూసి వడ్డించొచ్చు. కొత్తవాడికి అది ఆసరా, కాదనను. కానీ దాంతో ఏమైంది? ఎదురైన ప్రతిదాన్నీ కొట్టి తీరాలనీ, కొడితే గెలిచి తీరాలనీ పిల్లలకి నమ్మకం కుదిరిపోయింది. పారిపోవడం అనే విద్య ఎవరికీ రాదు.

భూతం బలం ఆ అంకెలో లేదనడానికి ఒక సాక్ష్యం. ఈ ఆట గురించి వచ్చిన డ్రాగన్ పత్రిక సంపాదకుడు రోజర్ మూర్ 1987 నవంబరు సంచికలో టకర్ అనే డంజన్ మాస్టర్ గురించి రాశాడు. అతని నేలమాళిగ అడుగున, పదో అంతస్తులో మహా భూతాలున్నాయి. వాటిని కొట్టడానికి ఆరు నుంచి పన్నెండో స్థాయి వీరులు బయల్దేరేవాళ్ళు. మొదటి అంతస్తులోనే కోబోల్డులు వాళ్ళకి నరకం చూపించేవి. అర పాచిక ప్రాణమే ఉన్న బుడతలు! ఇరుకు సందులు, నిప్పంటించిన దారులు, గోడ వెనకనుంచి బాణాలు. కింద ఉన్న భూతాలే నయం అనిపించేదట. కోబోల్డు పుస్తకంలో అందరికీ ఉన్నదే. టకర్ ఎక్కువ కొన్నదేమీ లేదు, ఆ బుడతలు తమ ఇంట్లో తాము ఎలా బతుకుతాయో కూర్చుని ఆలోచించాడు.

మా కాలంలో ఈ ఆట అచ్చేసే కంపెనీ ధర్మసత్రం నడిపిందని నేననను. 1981లో ఫీండ్ ఫోలియో అని ఇంకో భూతాల పుస్తకం అమ్మారు. అందులో ఫ్లంఫ్ అని గాల్లో తేలే జెల్లీచేప ఒకటి, దాన్ని చూసి భయపడ్డవాడు నాకింతవరకూ తగల్లేదు. 1983లో మాన్యువల్ రెండో భాగం అమ్మారు. 1989లో రెండో ఎడిషన్ వచ్చి, భూతాల్ని విడి కాగితాలుగా బైండరులో పెట్టుకోమంది. కాగితానికి రెండు వైపులా రెండు ప్రాణులుంటే అక్షరక్రమం ఎలా కుదురుతుందో ఆ దేవుడికే తెలియాలి. గైగాక్స్ రాసిన మాస్టర్స్ గైడ్ అయితే ఒక అరణ్యం. రత్నాల విలువలు, జబ్బుల పట్టికలు, రాజ్యపాలనలో రకాలు అన్నీ దొరుకుతాయి, మనకి కావలసింది తప్ప. ఇప్పటి పుస్తకాలు చదవడానికి హాయిగా ఉన్నాయి, బొమ్మలూ బాగున్నాయి. ఒప్పుకున్నాను.

కానీ ఈ వరస చూడండి. 2014లో మాన్‌స్టర్ మాన్యువల్. 2016లో వోలో అనే పాత్ర పేరు మీద మరికొన్ని భూతాలు. 2018లో మోర్డెన్‌కైనెన్ అనే మరో పాత్ర పేరు మీద ఇంకొన్ని. 2022లో ఆ రెంటిలోవీ పోగేసి, సరిదిద్ది, మళ్ళీ ఒక పుస్తకం. మావాడు మూడూ కొన్నాడు. 2024లో నియమాలు సవరించి, 2025 ఫిబ్రవరిలో కొత్త మాన్‌స్టర్ మాన్యువల్ దించారు, ఐదొందల పైచిలుకు భూతాలతో. మూల పుస్తకాలు మూడు, ఒక్కోటి యాభై డాలర్లు. ఆ కొత్త మాన్యువల్‌లో ఓర్కుకి విడిగా లెక్కే లేదు. ఓర్కు ఇప్పుడు ఆటగాడు కట్టే వేషాల్లో చేరాడు. మూడొందల మందిగా గుహలో ఉండాల్సినవాడు మన పక్కన కూర్చుని పాచికలేస్తున్నాడు. సరే, వాడూ బాగుపడ్డాడనుకుందాం.

మొదలుపెట్టడానికి మాకు సరిపోయింది గైగాక్స్ రాసిన పలచటి పుస్తకం ఒక్కటి, 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్'. సరిహద్దులో ఒక కోట. కాస్త దూరంలో ఒక లోయ, దాని గోడల నిండా గుహలు. ఒకదాంట్లో కోబోల్డులు, ఒకదాంట్లో గోబ్లిన్లు, పక్కనే ఓర్కులు, ఒక ఓగర్, ఒక మినోటార్. ఎవరికెవరు పడదో, ఎవరు ఎవరికి డబ్బిస్తే సాయం వస్తారో రాసి ఉంటుంది. కోటలో మనుషులకి మాత్రం పేర్లే లేవు. కోట అధికారి, వర్తకుడు, పూజారి అని ఊరుకున్నాడు. పేర్లు నువ్వే పెట్టుకో అని దానర్థం. నేను మా ఊరి మునసబు పేరు, కరణం పేరు, అప్పివ్వని కిరాణా కొట్టాయన పేరు పెట్టేశాను. అమెరికా కుర్రాళ్ళు ఆ పేర్లు పలకలేక నానా అవస్థ పడుతూ ఏడాదంతా ఆ కోట చుట్టూనే తిరిగారు.

అందుకని మావాడికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఒక లోయ గియ్యండి. నాలుగు రకాల భూతాలు చాలు, అవి రాత్రి ఏం తింటాయో, ఎవరంటే భయపడతాయో రాసుకోండి. నలుగుర్ని పిలిచి శనివారం కూర్చోండి. దేవుళ్ళ వంశవృక్షం పదోవారం రాసుకోవచ్చు. డబ్బు సంగతా? 2023 జనవరిలో, ఈ నియమాల్ని బయటివాళ్ళు వాడుకునే లైసెన్సు మీద గొడవ ముదిరాక, కంపెనీ తన మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేసింది. కోబోల్డు, గోబ్లిన్, ఓగర్, గుడ్లగూబ ఎలుగు అన్నీ అందులో ఉన్నాయి, పైసా ఇవ్వక్కర్లేదు. కళ్ళ గుత్తి బిహోల్డర్‌నీ, మెదళ్ళు తినే మైండ్ ఫ్లేయర్‌నీ ఆడించే లెక్కలు మాత్రం అందులో పెట్టలేదు, అవి కావాలంటే పుస్తకం కొనాల్సిందే. మన రాక్షసుడు ఉచితం.