నామవాచకం సారు

జహీరాబాదులో అల్లం కొనడం ఎంతసేపు పని? పక్కన నామవాచకం సారు లేకపోతే ఐదు నిమిషాలు. ఆయన ఉన్నారా, ఆ కొమ్ము సంచిలో పడేలోపు మనం లండను, రోము, ఏథెన్సు చుట్టి రావాలి.

ప్రతి ఊళ్లోనూ ఇలాంటివారు ఒకరుంటారు. రిటైరైన ఇంగ్లీషు టీచరు. జేబులో ఎర్రసిరా పెన్ను, చంకలో డైరీ. నెలనెలా పింఛను పడుతుంది గనుక దేనికీ తొందర లేదు. అసలు పేరు ఓటర్ల జాబితాలో ఉండే ఉంటుంది; నామవాచకం అన్నది పాత శిష్యులు ఇచ్చిన బిరుదు. చెట్టును చూడగానే ఆయనకు ముందు దాని ఇంగ్లీషు పేరు కనబడుతుంది, తర్వాత స్పెల్లింగు, ఆ తర్వాత ఆ పేరు పుట్టుపూర్వోత్తరాలు. చెట్టు చిట్టచివర కనబడుతుంది, అదీ ఎండ ఎక్కువగా ఉంటేనే. దున్నడం, నాటడం, కలుపు తీయడం, తవ్వడం ఇవన్నీ క్రియలు. క్రియలు ఆయన శాఖ కాదు.

ఒక చాయ్ హోటల్ బోర్డు మీద పెయింటరు జింజర్ టీ అని ఇంగ్లీషులో రాశాడు. జి, ఐ, ఎన్, జె, ఆర్. జనం చదివారు, తాగారు, పోయారు. సారు అక్కడే ఆగిపోయారు.

"భాయ్, ఈ జె యాడికెళ్లొచ్చింది?"

"పెయింటర్ రాసిండు సారూ. చాయ్‌ల అయితే అల్లం ఉంది, తాగి చూడుండ్రి."

"అల్లం ఉంటే సాలదయ్యా, ఇ గూడ ఉండాలె."

భాయ్ చాయ్ పోశాడు. సారు తాగలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని మొదలుపెట్టారు. జింజర్ అన్న మాట ఇంగ్లీషులో వెయ్యేళ్ల నుంచీ ఉంది. అంతకుముందు లాటిన్‌లో ఉంది, అప్పుడు దాని మొదటి అక్షరం జి కాదు, జెడ్. లాటిన్‌కు గ్రీకు జింగిబెరిస్ నుంచి వచ్చింది. గ్రీకుకు మన దేశం నుంచే వెళ్లింది. పాళీలో సింగివేరం, సంస్కృతంలో శృంగవేరం. శృంగం అంటే కొమ్ము గనుక, కొమ్ములాంటి ఒళ్లున్నది అని పాత పండితులు అర్థం చెప్పారు. అల్లం కొమ్మును చూస్తే నిజమే అనిపిస్తుంది కూడా. కానీ ఆ అర్థం తర్వాత అతికించినదనీ, అసలు మాట ద్రావిడ భాషలదనీ, తమిళ మలయాళాల్లోని ఇంజికి వేరు చేరి ప్రయాణం కట్టిందనీ ఈ కాలపు భాషావేత్తలు చెబుతారు. అలన్ రాస్ అనే ఇంగ్లీషు పండితుడు ఈ ఒక్క మాట మీదే పుస్తకం రాశాడు, 1952లో. సారు కళ్లు చెమర్చేది ఇక్కడే. ఒక్క మాటకు ఒక పుస్తకం! మనిషి జన్మకు ఇంతకన్నా ఏం కావాలన్నట్టు చూస్తారు.

బెంచీ చివర కూర్చున్న ఝరాసంగం వైపు రైతు అంతా విని, "అంటే ఎనకనున్న వేరు మనదే గదా సారూ?" అన్నాడు.

"మనదే."

"వేరు మనది, పేరు ఆళ్లది. మరి రేటు ఎవలది?"

సారు దానికీ వెనుదీయలేదు. ఒకప్పుడు ఇంగ్లండులో ఒక పౌను అల్లానికి ఒక గొర్రె ఇచ్చేవారని చెబుతారన్నారు. రైతు లేచి నిలబడ్డాడు. "గా మార్కెట్‌కు బండి యాడ ఎక్కాలె?" ముంబై రోడ్డు ఎదురుగానే ఉంది గానీ, ఆ బండి పోయి ఆరేడు వందల ఏళ్లయింది.

ఈ చర్చలో సారు సొంతంగా కనిపెట్టిన సంగతి కూడా ఒకటుంది. 1807లో విలియం రాస్కో ఈ మొక్కకు జింజిబర్ అఫిసినాలె అని శాస్త్రనామం స్థిరపరిచాడు. జెడ్‌తో. జహీరాబాదుకూ జెడ్డే. ఇది కాకతాళీయం అంటే ఆయన ఒప్పుకోరు. ఒప్పుకోరంటే, వాదించరు, మనను జాలిగా చూస్తారు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు సారుకు పండగే అయింది. అప్పటిదాకా గోనెసంచుల్లో మామూలుగా బతికిన కొర్రలు రంగురంగుల ప్యాకెట్లెక్కి ఫాక్స్‌టెయిల్ మిల్లెట్ అయ్యాయి. ప్యాకెట్ అంటే స్పెల్లింగు, స్పెల్లింగు అంటే సారు. నిజానికి ఈ ప్రాంతానికి ఆ ప్రకటన అవసరం లేదు. పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు కొర్ర, సామ, జొన్న, తైదల విత్తనాలు ఇళ్లలో దాచుకుని, పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతున్నారు. మాచనూరులో 2008 నుంచి సొంత రేడియో కూడా నడుపుతున్నారు. అలాంటి జాతరలో ఒక బండి పక్కన సారు నిలబడి, ఫాక్స్ అంటే నక్క, టెయిల్ అంటే తోక, కంకి ఆకారాన్ని బట్టి ఆ పేరు అని వివరించారు. శాస్త్రనామంలో మాత్రం ఇటలీ పేరుందన్నారు, పుట్టింది చైనా వైపు అయినా.

"నక్కతోక తొక్కితే అదృష్టమంటరు," అంది బండి మీది అవ్వ. "మేం దాన్ని దంచుకోని తింటున్నం. మాకెంత రావాలె?"

కందుల దగ్గర ఇంకా కష్టమైంది. వాటి ఇంగ్లీషు పేరులో పావురం ఉంది; బార్బడోస్ దీవిలో పావురాలకు మేతగా వేయడం వల్ల వచ్చిందంటారు. కందిపప్పు ధర తెలిసిన జనం ముందు ఈ మాట అనకుండా ఉండాల్సింది. సెనగల దగ్గర కోలుకున్నారు. సెనగకు లాటిన్‌లో సిసెర్. ఆ మాట మీదే రోమన్ మహావక్త సిసెరో ఇంటిపేరు వచ్చింది. మనకు అల్లం వారు, కందుల వారు, మిరియాల వారు లేరా, అలాగే. ఇది మాత్రం అందరికీ నచ్చింది. ఆయనది ఏ ఊరని కూడా ఎవరో అడిగారు.

చేలగట్ల మీద వయ్యారిభామ పెరిగి ఉంటే సారు అడుగు ముందుకు పడదు. దాని శాస్త్రనామం పార్థీనియం. గ్రీకులో పార్థెనోస్ అంటే కన్య. గ్రీకుల కన్య మన పొలంలోకి వచ్చేసరికి వయ్యారిభామ ఎలా అయిందో ఆయన చెబుతుంటే, కూలికి వచ్చిన ఆడమనిషి ఒక్కో మొక్కే పీకి గట్టున పడేస్తూ, "కన్యనో భామనో, ముట్టుకుంటే చెయ్యంత దురద. నువ్వు రెండు పీకు సారూ" అంది. పీకడం క్రియ.

ఇంట్లో ఆయన భార్యను ఊరంతా టీచరమ్మ అంటుంది, ఆమె బడిమెట్లు కూడా ఎక్కలేదు. ఒకసారి నువ్వుల నూనె తెమ్మని పంపింది. గంటన్నర తర్వాత సారు ఉత్త సీసాతో వచ్చారు. నువ్వుల నూనె డబ్బా మీద జింజెల్లీ అని ఉంటుంది కదా, దానికీ జింజర్‌కూ చుట్టరికం ఉందనుకుని కొట్టతను పొరబడ్డాడట. అరబ్బీ మాట పోర్చుగీసు మీదుగా జింజెల్లీ అయిందనీ, అల్లంతో దానికి సంబంధమే లేదనీ నచ్చజెప్పేసరికి కొట్టు మూసే వేళయిందట.

"మరి నూనె?" అంది టీచరమ్మ.

"తేలిపోయిందిలే."

"ఏం తేలింది? పెనం ఎండుతున్నది."

ఈ మధ్య సారుకు కొత్త చింత పట్టుకుంది. జింజర్‌ను ఏథెన్సు దాకా తోలుకెళ్లి తీసుకొచ్చారు సరే, ఇంట్లో రోజూ దంచే అల్లం సంగతేమిటి? ఇంజి దారిన పోకుండా తెలుగువాడు ఈ మాట ఎందుకు పట్టుకున్నాడు? సంతలో కుప్ప పోసుకుని కూర్చున్న ఒక ముసలమ్మ ముందు గొంతుకూర్చుని అడిగారు.

"అవ్వా, దీన్ని అల్లం అని ఎందుకంటరే?"

"మా అవ్వ అల్లం అన్నది."

"మీ అవ్వకు ఎవరు చెప్పిండ్రు?"

"ఆళ్లవ్వ. తీస్కుంటవా, లేవమంటవా?"

సారు డైరీ తీసి, తేదీ వేసి, ఎర్రసిరాతో రాసుకున్నారు: "మౌఖిక ఆధారం, మూడు తరాలు." పావుకిలో తీసుకుని, డబ్బులివ్వడం మరిచిపోయి లేచారు. ముసలమ్మ కొంగు పట్టుకున్నట్టు చొక్కా అంచు పట్టుకుంది.