పాదాల నర్సుకు తలకిందుల సలహాలు

మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఒక ఇంటికి గోళ్ళు తీయడానికి పిలిచారు. గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద కూతురి దగ్గరికి వచ్చిన పెద్దావిడ. షుగరు వచ్చి పాతికేళ్ళు. తలస్నానం చేసి, పాదాలకు పసుపు రాసుకుని సోఫాలో కూర్చున్నారు. నిప్పర్ పెట్టబోయి రెండో వేలి దగ్గర ఆగాను. వాచిన వేలిలోకి మెట్టె దిగిపోయింది. పసుపు తుడిచి చూస్తే చర్మం కందిపోయి ఉంది. మెట్టె అడుగున తడి, పుండు. "నొప్పి లేదాండీ?" అంటే, "ఏం లేదమ్మా, కాస్త బిగిసిందంతే" అన్నారు. మెట్టె తీయాలంటే మాత్రం ససేమిరా అన్నారు. కూతురు గుంటూరుకు ఫోన్ కలిపింది. అవతల నుంచి ఆవిడ భర్త "తీయించేసుకో, నేను బతికే ఉన్నాగా" అన్నాక కళ్ళు తుడుచుకుని లేచారు. ఆసుపత్రిలో కత్తిరించి తీశారు.

ఆ రోజు నేను ఒక్క గోరూ తీయలేదు. డబ్బూ తీసుకోలేదు. ఆ సంగతి చెబితే తోటి నర్సు ఒకావిడ "ఇలాగైతే వ్యాపారం చేసినట్టే" అంది. వార్డు వదిలి సొంతంగా ఫుట్ కేర్ మొదలుపెడతామని నన్ను అడిగే అమ్మాయిలకు నేను చెప్పేవన్నీ ఆవిడ తప్పుపట్టే సలహాలే. వ్యాపారం తెలిసినవాళ్ళకు తలకిందులుగా కనిపిస్తాయి. నేను మాత్రం ప్రతి మాటా మనసారా చెబుతున్నాను.

మొదటిది, వచ్చిన వాళ్ళను వెనక్కి పంపడం నేర్చుకోండి. పుండు కనిపించినా, వేలు నల్లబడినా, పాదం మంచులా చల్లగా ఉన్నా, పాదం పైన, లోపలి చీలమండ వెనకాల నాడి అందకపోయినా మీ పెట్టె మూసేయండి. అన్నిటికన్నా మోసం చేసేది నొప్పి లేకుండా ఎర్రగా, వెచ్చగా వాచిన పాదం. షుగరు ఉన్నవాళ్ళలో ఎముకలు లోపల లోపలే కూలిపోతున్నప్పుడు పాదం అలా ఉంటుంది. మనిషి దాని మీదే నడిచి వచ్చి తలుపు తీస్తాడు. అతన్ని ఆ రోజే పంపాలి, రేపటికి వాయిదా వేయకూడదు. పెద్ద ఆసుపత్రుల్లో హై రిస్క్ ఫుట్ క్లినిక్‌లు ఉంటాయి. మీకు దగ్గరలో ఉన్నదాని నంబరు, మంచి పోడియాట్రిస్టు (పాదాల వైద్య నిపుణులు) ఒకరి నంబరు సంపాదించాకే నిప్పర్ కొనండి. ఈ దేశంలో షుగరు వల్ల ఏటా 4,400కు పైగా కాళ్ళు, వేళ్ళు తీసేయాల్సి వస్తోందని, ముందే కనిపెడితే వాటిలో 85 శాతం దాకా ఆపవచ్చని డయాబెటిస్ ఆస్ట్రేలియా చెబుతూ వస్తోంది. ఆ ముందే కనిపెట్టే మనిషి చాలా ఇళ్ళల్లో డాక్టరు కాడు. గోళ్ళు తీయడానికి వచ్చి నేల మీద కూర్చున్న నర్సు.

కుర్చీ కొనకండి. హైడ్రాలిక్ కుర్చీ, ఫుట్ స్పా తొట్టి, గోడకు బోర్డు అన్నీ తర్వాత. ముందు ఒక నైలాన్ దారం కొనుక్కోండి. పది గ్రాముల మోనోఫిలమెంట్ అంటారు. పిడికి బిగించిన చిన్న పోగు. పాదానికి ఆనించి నొక్కితే పది గ్రాముల బలం దగ్గర విల్లులా వంగుతుంది. ముందు చేతి మీద తాకించి, ఎలా ఉంటుందో మనిషికి తెలియనివ్వండి. తర్వాత కళ్ళు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పమని అడిగి బొటనవేలి కింద, వేళ్ళ మొదళ్ళలో తాకించండి. ఆనెకాయ మీద పెట్టొద్దు, అక్కడ బాగున్న మనిషికీ తెలియదు. "తగిలిందా?" అని మాటిమాటికీ అడగొద్దు. మనవాళ్ళు మొహమాటానికి "ఆఁ, తగిలింది" అనేస్తారు. మీరు నోరు మూసుకుంటేనే నిజం తెలుస్తుంది. నాకు బాగా గుర్తున్న దృశ్యం ఒకటుంది. కళ్ళు మూసుకున్న ఒక రిటైర్డ్ మాస్టారు "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగారు. అప్పటికి ఆరు చోట్ల నొక్కాను.

నొప్పి తెలియకపోవడమే పాదాన్ని పోగొడుతుందన్న సంగతి ప్రపంచానికి తెలిసినది మన పొరుగున, రాయవేలూరులోనే. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టారు. 1946లో రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్ళు రోగంతో కుళ్ళి ఊడిపోతాయని అప్పటిదాకా అనుకునేవారు. అలా కాదని, నొప్పి తెలియక రోజూ తగిలించుకునే దెబ్బల వల్లే పోతున్నాయని ఆయన కనిపెట్టారు. రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినా తెలియని రోగులకు పిల్లుల్ని ఇచ్చి ఇళ్ళకు పంపేవారట. తర్వాత అమెరికాలో, లూసియానాలోని కార్‌విల్‌లో పనిచేస్తూ అదే జ్ఞానాన్ని షుగరు రోగుల పాదాలకు అన్వయించారు. ఆయన సంగతి చదివాక నా పని నాకే వేరుగా కనిపించింది. నొప్పి చచ్చిపోయిన పాదానికి ఆరు వారాలకోసారి నొప్పి చేయాల్సిన పని నేను చేస్తున్నాను.

ఇక పాదం కన్నా ముందు చెప్పులు చూడండి. వెళ్ళగానే గోళ్ళ మీద పడకుండా మొదటి పదిహేను నిమిషాలు గుమ్మం దగ్గరే గడపండి. ఎవరి జోళ్ళు ఏవో అడిగి, లోపల చెయ్యి పెట్టి తడమండి. ఒకాయన బూటులో మనవడి ప్లాస్టిక్ బొమ్మ ముక్క దొరికింది. ఆయన దాన్ని వేసుకుని రోజూ వాకింగ్ చేస్తున్నారు. మన ఇళ్ళల్లో చెప్పులు గుమ్మం బయటే ఆగిపోతాయి. ఇంట్లో వట్టికాళ్ళు, బయటికి హవాయి చెప్పులు. మెత్తని ఇంటి చెప్పులు లోపలికి వేసుకోమంటే అపచారం అనుకుంటారు. లోపలికి మాత్రమే వాడే జత వేరుగా కొనిపించండి. ఆ మాట చాలామంది ఒప్పుకుంటారు.

గుడి సంగతి మరీ ముఖ్యం. సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి, ఇక్కడ కేరమ్ డౌన్స్ శివవిష్ణు ఆలయం. జనవరి ఎండలో బయట రాతి పలకల మీద ప్రదక్షిణ చేసి, తిమ్మిరి పాదాలతో ఇంటికి వచ్చి, మర్నాడు బొబ్బలు చూసుకునేవాళ్ళుంటారు. వేడి వాళ్ళకు తెలియదు. గుడికి వెళ్ళొద్దనే అధికారం మనకు లేదు, అనకూడదు కూడా. మందపాటి మేజోళ్ళతో వెళ్ళండి, తెల్లవారుజామున వెళ్ళండి, ఇంటికి రాగానే అరికాళ్ళు ఎవరికైనా చూపించండి అనండి. జూలైలో కథ తిరగబడుతుంది. హీటరు ముందు కాళ్ళు చాపుకుని కునుకు తీసేవాళ్ళు, పక్కలో వేడినీళ్ళ సంచీ పెట్టుకునేవాళ్ళు ఎండలో కాలినట్టే కాలతారు. ఫార్మసీలో దొరికే ఆనెకాయ ప్లాస్టర్లు కూడా అడిగి తెలుసుకోండి. వాటిలో ఉండే శాలిసిలిక్ ఆమ్లం ఆనెకాయతో ఆగదు, షుగరు ఉన్నవాళ్ళ మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది.

మీరున్నదానికన్నా తక్కువగా చెప్పుకోండి. "పోడియాట్రిస్ట్" అనే పేరుకు ఈ దేశంలో చట్టం కాపలా ఉంది. వైద్య వృత్తుల నమోదు చూసే ఆప్రా దగ్గర ఆ వృత్తిలో నమోదైనవాళ్ళే వాడుకోవాలి. "చిరోపొడిస్ట్" అయినా అంతే. కార్డు మీద "రిజిస్టర్డ్ నర్స్, ఫుట్ కేర్" అని వేయించండి, చాలు. మీ దగ్గర బాగుపడినవాళ్ళ పొగడ్తలు మీ ప్రకటనలో పెట్టుకోకండి. వైద్య సేవల ప్రకటనల్లో అలాంటి మాటలు వాడకూడదని అదే జాతీయ చట్టంలోని 133వ సెక్షన్ చెబుతోంది. వాట్సాప్ గుంపులో ఒక పెద్దాయన మిమ్మల్ని ఆకాశానికెత్తితే సంతోషించి ఊరుకోండి, దాన్ని మీ పేజీలో అతికించొద్దు. ఎన్‌రోల్డ్ నర్సులైతే ఇంకొకటి ఆలోచించాలి. రిజిస్టర్డ్ నర్సు పర్యవేక్షణ లేకుండా మీరు పనిచేయకూడదు. అందుకే ఒంటరిగా మొదలుపెట్టకండి, ఆ పర్యవేక్షణ ఎవరిదో కాగితం మీద రాయించుకున్నాకే దిగండి.

గోళ్ళు తీయడం కన్నా పనిముట్లు కడగడానికి ఎక్కువసేపు తీసుకోండి. ఇక్కడే చాలామంది నాతో వాదిస్తారు. ఇంట్లో గిన్నెలో మరిగించి, స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ వాడేస్తే రోజుకు పదిహేను మందిని చూడొచ్చంటారు. గోరు మందం లోపల ఫంగస్ ఉంటుంది. చిన్న గీత పడితే నెత్తురు అంటుతుంది. కత్తెర కీలులో ఇరుక్కున్న గోటి పొడి మరిగించినంత మాత్రాన పోదు. ముందు బ్రష్‌తో రుద్ది కడగాలి, కీలు తెరిచి చూడాలి, ఆరబెట్టాలి, సంచిలో సీలు వేయాలి, ఆ తర్వాత ఆటోక్లేవ్‌లో 134 డిగ్రీల దగ్గర కనీసం మూడు నిమిషాలు. ఆ రోజు ఏ సంచి ఏ లోడులో వెళ్ళిందో రాసి పెట్టాలి. ఇప్పుడు దీనికి ఏఎస్ 5369 అనే ప్రమాణం ఉంది, 2023లో వచ్చింది. నా దగ్గర శుభ్రమైన సెట్లు ఎన్ని ఉంటే ఆ రోజుకు అంతమందే. ఆరు సెట్లుంటే ఏడో మనిషి ఎంత బతిమాలినా రేపే. మందమైన గోళ్ళను మిషనుతో అరగదీస్తే పొడి గాలిలో లేస్తుంది. అది మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు, వాళ్ళ సోఫా మీదా పడకూడదు. మాస్క్ బిగుతుగా పెట్టుకోండి, కింద గుడ్డ పరచండి.

డబ్బు గురించి కొంచెమే చెబుతాను. ఏబీఎన్ అనే వ్యాపార నంబరు తీసుకోండి, 11 అంకెలు, ఉచితం. ఇన్సూరెన్స్ లేకుండా ఒక్క పాదం కూడా ముట్టుకోకండి, అది రిజిస్ట్రేషన్ నిబంధన. ఏడాది వ్యాపారం 75,000 డాలర్లు దాటేదాకా జీఎస్టీలో నమోదు అక్కర్లేదు. మనవాళ్ళు కదా అని ధర తగ్గించకండి. ఫోన్‌లోనే ఎంతో చెప్పేయండి, వచ్చాక "మీ ఇష్టం" అనకండి. మొహమాటంతో తగ్గించిన డబ్బును మీరు తెలియకుండానే సమయంలో కోస్తారు, ఆ కోత చివరికి చెప్పులు చూసే పదిహేను నిమిషాల మీదే పడుతుంది.

వాళ్ళ డబ్బు విషయంలోనూ అంతే సూటిగా ఉండండి. మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్న షుగరు రోగికి, వాళ్ళ డాక్టరు దీర్ఘరోగ ప్రణాళిక రాస్తే, ఏడాదికి ఐదు దాకా అనుబంధ వైద్య సందర్శనలకు కొంత సొమ్ము వెనక్కి వస్తుందని చెప్పండి. అందులో పోడియాట్రిస్టు ఉన్నారు, మనం లేము. ఆ మాట చెబితే వాళ్ళు అటు వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వండి. 2025 నవంబరు 1 నుంచి కొత్త ఏజ్డ్ కేర్ చట్టం కింద సపోర్ట్ ఎట్ హోమ్ అనే ఇంటిదగ్గరి సాయం పథకం నడుస్తోంది. వృద్ధులున్న ఇంట్లో దాని సంగతి అడగమని కూడా చెప్పండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఇవేవీ లేవు. భారతదేశంతో మెడికేర్‌కు పరస్పర ఒప్పందం లేదు. ఆరు నెలల మందులు సూట్‌కేసులో తెచ్చుకుని, "పిల్లలకు ఖర్చెందుకు" అని పుండు దాచుకునేవాళ్ళు వీళ్ళే. మీ సమయం ఎక్కువగా వీళ్ళకే దాచిపెట్టండి.

వార్డు పూర్తిగా మానొద్దు. రెండు వారాలకో షిఫ్టు అయినా ఉంచుకోండి. ఐదేళ్ళలో 450 గంటల పని, ఏడాదికి 20 గంటల చదువు ఎలాగూ నర్సింగ్ బోర్డు అడుగుతుంది. అది ఫుట్ కేర్‌తోనూ నిండుతుంది, నా కారణం అది కాదు. ఒంటరి పనిలో మన చేతుల్ని చూసేవాళ్ళుండరు. తప్పుగా పట్టుకున్న నిప్పర్ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. గోటి మూల తవ్వడం నాకు అలవాటైపోతున్న రోజుల్లో, టీ గదిలో ఒక సీనియర్ నా చేతిని పట్టుకుని, "అడ్డంగా సూటిగా తీసి మూల వదిలెయ్, తవ్వితే రేపు గోరుచుట్టు" అంది. ఇంట్లో కూర్చుంటే ఆ మాట నాకు ఎవరు చెప్పేవారు?

చివరిగా, కాళ్ళు పట్టుకోవడం గురించి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండదు కానీ మన ఇళ్ళల్లో మొదటి అడ్డంకి అదే. పోయిన చలికాలం పాయింట్ కుక్‌లో ఎనభై దాటిన ఒక పెద్దాయన నేను కింద కూర్చోగానే కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. "ఆడపిల్లవి, నా కాళ్ళు పట్టకూడదు తల్లీ" అన్నారు. నేను వాదించలేదు. లేచి, నా టార్చి ఆయన చేతికిచ్చి, "మీరు వెలుగు పట్టండి బాబాయ్, నేను చూస్తాను" అన్నాను. కాసేపు ఆయన తన పాదం మీదికే వంగి టార్చి వేశారు. వేళ్ళ సందులో తెల్లగా నానిన చర్మం తనే చూపించారు. ఆరబెట్టి, తడి ఉండకూడదని చెప్పి, గోళ్ళు తీసి, తారీకు రాసుకుని వచ్చేశాను.

ఆరు వారాల తర్వాత వెళ్ళేసరికి కుర్చీ కిటికీ వైపు తిప్పి ఉంది. ఆయన మేజోళ్ళు అప్పటికే తీసేశారు. పక్కనే రెండు బూట్లు బోర్లించి ఉన్నాయి. "దులిపాను, ఏమీ లేదు" అన్నారు.