రాజమల పెద్దాఫీసరుకు బహిరంగ లేఖ

శ్రీయుత వరయాడు గారికి,
రాజమల కొండవాలు, ఎరవికుళం జాతీయోద్యానవనం, మున్నార్ దగ్గర, కేరళ.

విషయం: దర్శనంలో జాప్యం గురించి.

అయ్యా,

మీ కొండమేక జాతిని ఇంగ్లీషువాళ్లు నీలగిరి తార్ అంటారు. మీ మందలో వీపు మీద జీను వేసినట్టు నెరిసిన మచ్చ ఉన్న పోతే పెద్దాఫీసరని తెలిసి, ఈ అర్జీ నేరుగా మీకే పెట్టుకుంటున్నాను.

ఫిర్యాదు ఒకటి: ఫిబ్రవరిలో విజయవాడలో రైలెక్కి ఆలువాలో దిగాం. ఘాట్ రోడ్డు మలుపుల్లో మా చిన్నాడు తిన్న పులిహోర అంతా కొండలకే సమర్పించాడు. తీరా వస్తే గేటు మూసి ఉంది. మీ ఆడవాళ్ల కాన్పుల కాలమట, ఏటా రెండు నెలలు ఎవర్నీ రానివ్వరట. మా ఆఫీసులో కాన్పు సెలవు బాలింతకే ఇస్తారు. మీ దగ్గర ఆఫీసు మొత్తానికే సెలవా?

రెండు: పట్టుబట్టి ఏప్రిల్లో మళ్లీ వచ్చాం. పార్కు 97 చదరపు కిలోమీటర్లు. అటవీశాఖ బస్సెక్కించి మాకు చూపింది ఓ రోడ్డు ముక్క. 2,695 మీటర్ల ఆనముడి, దక్షిణ భారతంలో దాన్ని మించిన శిఖరమే లేదు, మంచు ముసుగు తీయలేదు. నీలకురింజి పూలేవంటే 2018లో పూశాయి, ఇక 2030లో రమ్మన్నారు. పూలకీ పుష్కరాలేనా?

మూడు: చివరికి మీరే రోడ్డు పక్కకు వచ్చి గడ్డి మేశారు. మావాడు ఈల వేశాడు. మా బావమరిది మేకలా అరిచాడు. మీరొక్క చూపు చూసి బండ మీదికి దూకారు. లంచమివ్వని అర్జీదారుణ్ని కూడా ఎవరూ అలా చూడరు.

ఇంటికొచ్చాక లెక్కేశాను. మీ జాతి మొత్తం 3,000కి అటూ ఇటూ. మా కాలనీ జనం అంతకన్నా ఎక్కువ. కేరళ, తమిళనాడు కొండకొమ్ముల్లో తప్ప మీరు లోకంలో మరెక్కడా లేరు. ఈ కొండల్ని కూడా ఒకప్పుడు తేయాకు దొరలు వేటకు అట్టిపెట్టుకున్నారు. 1978లో గానీ జాతీయోద్యానవనం కాలేదు.

కాబట్టి మూడు ఫిర్యాదులూ వాపసు తీసుకుంటున్నాను. గేటు నిక్షేపంగా మూసుకోండి, కాన్పులు చల్లగా కానివ్వండి. 2030లో ఈలలు లేకుండా వస్తాం. బావమరిదిని తీసుకురాను.

ఇట్లు,
టికెట్టు కొన్న విధేయుడు.

జతపరచినవి: టికెట్టు ఒకటి, ఖాళీ చిప్స్ ప్యాకెట్ ఒకటి. మావాడే పడేశాడు, ఏరుకొచ్చాను.