నేను గాజును కాను

చూసినవాళ్లంతా నన్ను గాజు డబ్బీ అనుకుంటారు. నా పుట్టుక క్వార్ట్జ్. పేరు క్యూవెట్. లోపల ఒక సెంటీమీటరు వెడల్పు, మూడు మిల్లీలీటర్లు పట్టే కడుపు, రెండు నున్నటి ముఖాలు, రెండు గరుకువి. అతినీలలోహిత కాంతిని గాజు మింగేస్తుంది, నేను దారిస్తాను. నా విలువంతా అదే. మమ్మల్ని జతగా కొన్నారు: తోడుబుట్టినదానిలో ఉత్త బఫర్, నాలో అసలు సరుకు.

కొలువు చేసింది విశాఖలోని ఒక బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో. పేరు చెప్పను. ఉప్పు తిన్న ఇల్లు. అమోనియం సల్ఫేటు, సోడియం క్లోరైడు, ఫాస్ఫేటు, అన్ని ఉప్పులూ తిన్నాను.

ప్రోటీన్లను కోసే ఎంజైములు, వాటిని ఆపే పదార్థాలు, ఇవే అక్కడి మేడం గారి లోకం. సింహాచలం కొండ పనస దిగే రోజుల్లో గోపాలపట్నంలో పండు కొని, తొనలు స్టూడెంట్లకు పంచి, పిక్కలు ఫ్రిజ్‌లో దాచేవారు. పచ్చి పిక్కలో ట్రిప్సిన్‌ను ఆపే ప్రోటీన్ ఉంటుంది. ట్రిప్సిన్ మన చిన్నపేగులో పనిచేస్తూ, ప్రోటీన్ గొలుసులో లైసిన్, ఆర్జినిన్ ఉన్న చోట తెంపుతుంది. ఈ నిరోధకం దాని నోట్లో చేపముల్లులా అడ్డం పడుతుంది. ఉడకబెడితే ఆ ఆటంకం చాలావరకు పోతుంది. పిక్కలు పచ్చివి తినొద్దని కసిరిన అమ్మమ్మలకు ఈ కెమిస్ట్రీ అక్కర్లేకపోయింది.

మోజెస్ కునిట్జ్ 1940లలో సోయా గింజల నుంచి ఇలాంటి నిరోధకాన్ని స్ఫటికాలుగా తీశాడు. 1947లో ఆయన ప్రచురించిన కొలత పద్ధతే మా నిత్యకృత్యం. ట్రిప్సిన్‌కు పాలలోని కేసీన్ అందించి, కాసేపటికి ఆమ్లం పోసి ఆపి, తేరిన ద్రవాన్ని నాలో పోసి, 280 నానోమీటర్ల కాంతిని అది ఎంత మింగుతుందో అంకెగా చూసేవారు. కోత ఎక్కువైతే అంకె పెరుగుతుంది, నిరోధకం దొరికితే పడిపోతుంది. అంకె పడితే పండగ చేసుకునే చోటు లోకంలో ఇంకెక్కడుంది! "మేడం, తగ్గిందండీ" అని కేక వినపడితే ఆవిడ టీ వదిలేసి వచ్చేవారు.

1991లో ఆంధ్రా యూనివర్సిటీకి చెందిన ఎస్.ఎస్. అన్నపూర్ణ, డి. శివప్రసాద్ పనస గింజల్లోంచి ట్రిప్సిన్‌నూ కైమోట్రిప్సిన్‌నూ ఆపే నిరోధకాన్ని శుద్ధి చేసి ప్రచురించారు. ఆ పత్రం మేడం గారి బల్ల మీద ఎప్పుడూ ఉండేది. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు కంది, మినుము గింజల నిరోధకాలను ఆముదపు ఆకు తినే పురుగు మీద పరీక్షించారు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన హెచ్‌ఐవీ మందు సాక్వినవిర్ కూడా వైరస్ తాలూకు ప్రోటియేజ్‌ను, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైమును, ఆపేదే. ఇలాంటి పరీక్షల్లో మా క్యూవెట్ల జాతి ఎన్ని చోట్ల కాంతికి ఎదురు నిలబడిందో!

ఇక నా గోడు. గరుకు ముఖాలు ఉన్నది పట్టుకోవడానికే అని మేడం వెయ్యిసార్లు చెప్పినా, సమోసా తిన్న వేళ్లతో నున్నటి ముఖమే పట్టుకునేవారు. ఆ జిడ్డు కూడా 280 దగ్గర అంకెగా కనపడుతుంది, దాన్ని ప్రోటీన్ అనుకుని రాసుకున్న మహానుభావులున్నారు. సినిమాకు టైమైందని కేసీన్‌ను నాలోనే ఎండబెట్టి పోయినవాడొకడు. గొట్టాలు తోమే బ్రష్‌తో నన్ను తోమినవాడు మరొకడు. తోడుబుట్టినది సింకులో పడి ముక్కలైంది. రిజిస్టర్‌లో దాని పేరు కొట్టేసి, ముక్కలు ఊడ్చేశారు.

మేడం రిటైరయ్యారు. ఒకేసారి 96 గుంటలు చదివే ప్లేట్ రీడర్ వచ్చింది. నేను కూర్చునే, కాంతిని కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ యంత్రం దీపం మాడిపోతే కొత్తదానికి ఇండెంట్ పెట్టారు. ఫైలు వెళ్లింది, తిరిగి రాలేదు. సముద్రపు గాలికి మరలు తుప్పుపట్టాయి. పైన పాత రికార్డు పుస్తకాలు పేర్చారు, లోపల నా పక్కనే బల్లి గుడ్లు పెట్టింది. చివరికి కండెమ్ చేశారు. సంతకాలు పెట్టినవాళ్లలో ఒక్కరైనా మూత తీసి చూడలేదు. నేనింకా లోపలే ఉన్నాను.

గోపాలపట్నంలో పాత సామాన్ల కొట్టువాడు యంత్రాన్ని కిలోల లెక్కన తూచాడు. విప్పుతుంటే నేను బయటపడ్డాను, అంచు కాస్త పెచ్చు లేచింది. "గాజుముక్క, దీనికేటొస్తాది?" అని కిటికీలో పడేశాడు.

అంచు పోయినా నా చూపు మందగించలేదు. పల్చటి నైట్రిక్ ఆమ్లంలో కాసేపు నానబెడితే 280 దగ్గర ఇప్పటికీ నిజమే చెబుతాను. ఏ కాలేజీ మాస్టారైనా అటువైపు వస్తే నన్ను అడిగి తీసుకోండి. వాడు డబ్బులు కూడా అడగడు. దయచేసి గరుకు వైపు పట్టుకోండి.