స్థానాద్గుణః: ఒక ఆట సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: స్థానాద్గుణః.

టీక: స్థానాత్ = మైదానంలో నిలబెట్టిన చోటు వలన, గుణః = గుణము. ‘భవతి’ అని అధ్యాహారం. తాత్పర్యమేమంటే, ఆటగాడి గుణం గుణమయ్యేది అతను నిలబడ్డ చోటును బట్టి గాని, అతని పేరు పక్కన వేసిన అంకెను బట్టి కాదు. సూత్రం ఏ మహర్షిదని అడగవద్దు. మూలం లేనిదే టీక రాయకూడదు కనుక టీకాకారుడే రాసుకున్నాడు. వ్యాకరణం చదివినవారు దీన్ని గుణసంధికి చెందిన సూత్రమని పొరబడవచ్చు, పొరబడితే మేలే. ‘మహా’ అన్న మాట ‘ఈశ’ పక్కన నిలిస్తే మహేశ అవుతుంది, ‘ఉత్సవం’ పక్కన నిలిస్తే మహోత్సవం అవుతుంది. మాట ఒక్కటే, పక్కనున్న అక్షరాన్ని బట్టి పలుకు మారింది. ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ ఆటలో పదకొండుమందిని కూర్చడం ఇలాంటి సంధి కార్యమే. దాన్ని కూడికల లెక్కగా చేసేవారు లోకంలో ఎక్కువమంది ఉన్నారు గనుక ఈ శ్రమ.

విషయం తెలియనివారికి రెండు ముక్కలు. 1992లో పాల్, ఆలివర్ కాలియర్ అనే ఇంగ్లిష్ అన్నదమ్ములు ఛాంపియన్‌షిప్ మేనేజర్ అనే ఆటను విడుదల చేశారు. దాని వారసురాలే ఫుట్‌బాల్ మేనేజర్. ఇందులో మనం బంతిని తన్నం. కోచ్ కుర్చీలో కూర్చుని ఎవరిని కొనాలి, ఎవరిని ఎక్కడ నిలపాలి అని తల బద్దలు కొట్టుకుంటాం. ప్రతి ఆటగాడికీ టెక్నికల్, మెంటల్, ఫిజికల్ అని మూడు తెగల గుణాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 20 దాకా అంకె. బడి మార్కులకు అలవాటుపడ్డ కళ్ళు వెంటనే మొత్తం వేస్తాయి, ఎవరికి ఎక్కువ వస్తే వాడే మొనగాడంటాయి. ఆట మాత్రం అలా అనుకోవడం లేదు. గోల్‌కీపర్ పేజీ తెరిచి చూడండి: హెడ్డింగ్, మార్కింగ్, టాక్లింగ్ ఉండాల్సిన వరసలో హ్యాండ్లింగ్, రిఫ్లెక్సెస్, కమాండ్ ఆఫ్ ఏరియా వచ్చి కూర్చుంటాయి. అతనికి హెడ్డింగ్ ఎంత వచ్చో తయారుచేసినవాళ్ళు మనకు చూపనే చూపరు. చోటు మారితే కొలబద్దే మారుతుందని ఒప్పుకోవడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక ‘గుణము’ అన్న పదానికి వ్యాఖ్య. ఓపిక, వేగం, దేహదారుఢ్యం అన్నీ ఒక్కటేనని భ్రమపడేవారిని విశాఖ దగ్గరి పద్మనాభం కొండ కిందికి పంపాలి. అనంతపద్మనాభస్వామి గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి. మొదటి పాతిక మెట్లు చిటికెలో ఎగబాకినవాడికున్నది యాక్సిలరేషన్. ఎక్కడా చతికిలబడకుండా పైదాకా వెళ్ళినవాడికున్నది స్టామినా. మర్నాడు పొద్దున్నే పిక్కలు పట్టుకోకుండా మళ్ళీ ఎక్కగలవాడికున్నది నాచురల్ ఫిట్‌నెస్. ముగ్గురూ ‘బలంగా ఉన్నవాళ్ళే’ అని ఊళ్ళో అంటాం, తప్పులేదు. జట్టులో మాత్రం అవతలి కొసదాకా వెళ్ళి వెనక్కి రావాల్సిన ఫుల్‌బ్యాక్‌కు రెండోవాడు కావాలి, చివరి ఇరవై నిమిషాల్లో దింపే వింగర్‌కు మొదటివాడు చాలు. ఆ వింగర్‌కు స్టామినా 8 ఉంటే కంగారు పడేవాడు ఇంకా కూడికల్లోనే ఉన్నాడన్నమాట. ధైర్యం మాటకొస్తే ఈ నేలకు ఎవరూ టీక చెప్పనక్కర్లేదు. 1794 జూలై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగింది ఈ పద్మనాభంలోనే. బ్రేవరీ కింద 20కి 20 వేయాల్సిన రోజది. యుద్ధం గెలిచింది మాత్రం రెండో పక్షం. అంకె నిండుగా ఉన్నంత మాత్రాన ఫలితం నిండుగా ఉండదనడానికి ఇంత విషాదమైన ఉదాహరణ అవసరమా అంటే, వ్యాఖ్యాతలకు ఊరి ఉదాహరణ మీద మమకారం ఎక్కువ.

గుణం పనికిరాకపోవడం ఒక ఎత్తు, దోషమై కూర్చోవడం మరొక ఎత్తు. ఫ్లెయిర్ అంటే ఎదుటివాడు ఊహించని పని చేసే తెగువ. వింగర్‌కో, స్ట్రైకర్ వెనక ఆడేవాడికో అది ప్రాణం. అదే మన గోల్ ముందు నిలబడే స్టాపర్‌కు 17 ఉందనుకోండి, బంతిని దూరంగా తన్నేయాల్సిన చోట ఒకరిని తప్పించి చూద్దామనిపిస్తుంది వాడికి. స్టాపర్‌కు కావలసినవి మార్కింగ్, పొజిషనింగ్, కాన్సంట్రేషన్, జంపింగ్ రీచ్, స్ట్రెంగ్త్: చూడడానికి నీరసమైన జాబితా, గోల్ పడకుండా కాపాడే జాబితా. గోల్‌కీపర్‌కు ఎక్సెంట్రిసిటీ అనే గుణమొకటుంది. దాని అంకె పెరిగేకొద్దీ ఆయన గోల్ వదిలి విహారానికి బయల్దేరే అవకాశం పెరుగుతుంది. వంటకంలో పులుపులా దాన్ని పాళ్ళు చూసి వేసుకోవాలి. మధ్యలో ఆడేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు: పాసింగ్, విజన్, డెసిషన్స్, వర్క్ రేట్ అని అందరికీ తెలిసిందే.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ‘అయ్యా, నిజమైన ఆటగాడికి చోటుతో పనేమిటి? 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత స్టాపర్ జర్నైల్ సింగ్‌ను కోచ్ ముందుకు పంపలేదా? సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఆయన గోల్స్ కొట్టలేదా? 2-1 తేడాతో స్వర్ణం రాలేదా?’ వచ్చింది. ఆ కోచ్ మన హైదరాబాద్ వాడు, ఒకప్పటి బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చినవాడు. కాని ఈ ఉదాహరణ పూర్వపక్షి చేతిలోంచి జారి మన ఒళ్ళో పడుతుంది. తలకు గాయమై కుట్లు పడ్డ జర్నైల్‌ను రహీం ఏ చోటుకు పంపాడు? వింగ్‌కు పంపలేదు, మధ్యలో పాస్‌లు అల్లమనలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపాడు. స్టాపర్ బరువు, ఎత్తుకు లేచే సత్తా, భుజం ఆనించి నిలబడే మొండితనం, ఇవన్నీ గోల్ ముందు నిలబడే ఫార్వర్డ్‌కూ కావలసినవే. మైదానానికి రెండు కొసల్లో ఉన్న ఈ రెండు చోట్లూ గుణాల లెక్కలో ఇరుగుపొరుగు. రహీం చూసింది ఆ పొరుగును. హైదరాబాద్‌లోనే పుట్టిన పీటర్ తంగరాజ్ కథా ఇంతే: సికింద్రాబాద్ క్లబ్బుల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి, సైన్యంలో చేరాక గోల్‌కీపర్ అయ్యాడు. అదే 1962 ఫైనల్లో గోల్ కాచింది ఆయనే. ఆరడుగులు దాటిన ఆ పొడుగు ముందు ఉన్నప్పుడు ఒక గుణం, వెనక ఉన్నప్పుడు ఇంకో గుణం. మహేశ, మహోత్సవం.

రెండో ఆక్షేపం ఇంతకన్నా గట్టిది. వేగమొక్కటి ఉంటే ఈ ఆటలో ఎక్కడైనా చెల్లుతుందని, పేస్, యాక్సిలరేషన్ 16 దాటినవాణ్ణి ఎక్కడ నిలిపినా గెలుపేనని ఆడేవారిలో చాలామంది అంటారు. ఇందులో సగం నిజముంది, దాచి ప్రయోజనం లేదు. పరుగు అన్ని చోట్లకూ సాధారణ గుణమే, అన్నంలో ఉప్పులాగా. కాని ఆట తన లోపలి లెక్కలో ఒక ఆటగాడి మొత్తం సామర్థ్యాన్ని 200కు కొలిచేటప్పుడు కూడా ఒక్కో చోటుకు ఒక్కో గుణానికి వేరే తూకం వేస్తుంది. పరుగుకు స్ట్రైకర్ దగ్గర ఉన్న ధర గోల్‌కీపర్ దగ్గర ఉండదు. కాబట్టి సూత్రానికి ‘ప్రాయేణ’ (చాలావరకు) అని ఒక మాట కలుపుకుంటే సరిపోతుంది. పెద్ద పెద్ద శాస్త్రాలే ఆ మాట మీద నడుస్తున్నాయి. మనిషిని అంకెల్లో కొలుస్తారా అనే మూడో ఆక్షేపానికి జవాబు చిన్నది. ఇది మనిషికి రాసిన టీక కాదు, పేజీకి రాసిన టీక. పెద్ద మ్యాచ్‌లో తడబడేవాడెవడో, ఊరికే గాయపడేవాడెవడో చెప్పే అంకెలను ఆట కూడా తెర మీద పెట్టకుండా దాచేసింది.

జర్నైల్ సింగ్ స్వర్ణం తెచ్చిన తరవాత ఫార్వర్డ్‌గా స్థిరపడలేదు. మళ్ళీ వెనక్కి వచ్చి స్టాపర్‌గానే ఆడాడు, భారత జట్టుకు కెప్టెన్ కూడా అయ్యాడు.